సగం అంటే ఎంత, ఓటు అంటే ఏది: గయానా 2020 ఎన్నికల చిక్కుముడి

2020 మార్చి 2న గయానా ప్రజలు తమ పార్లమెంటును ఎన్నుకోవడానికి ఓటు వేశారు. ఫలితం అధికారికంగా వెలువడింది ఆగస్టు 2న. లెక్కకు వచ్చిన చెల్లిన ఓట్లు మొత్తం 4,60,352 మాత్రమే. తెలుగు రాష్ట్రాల్లో ఒక్క లోక్‌సభ నియోజకవర్గంలో పోలయ్యే ఓట్లలో ఇవి సాధారణంగా సగం కూడా ఉండవు. అక్కడ ఒక్క పూటలో తేలే లెక్క ఇక్కడ తేలడానికి ఐదు నెలలు పట్టింది.

గయానావారికి లెక్కపెట్టడం రాక ఇలా జరగలేదు. మనం రోజూ అర్థం తెలిసినట్టే వాడే మూడు మాటలకు అర్థం ఏమిటన్న దగ్గరే పేచీ వచ్చింది. మెజారిటీ అంటే ఎంత? లెక్కింపు అంటే దేన్ని లెక్కించడం? ఓటు అంటే ఏది? తేడా లక్షల్లో ఉన్న ఎన్నికల్లో ఈ ప్రశ్నలు ఎవరికీ తట్టవు. తేడా కొన్ని వేలకు, ఒక్క సీటుకు కుదించుకుపోయినప్పుడు మాత్రం దేశ భవిష్యత్తు ఒక పదం అర్థం మీద నిలబడుతుంది. గయానాలో అదే జరిగింది.

దక్షిణ అమెరికా నేల మీద కరీబియన్ దేశం

పటంలో చూస్తే గయానా దక్షిణ అమెరికా ఖండానికి ఉత్తరపు అంచున వెనిజులా, బ్రెజిల్, సురినామ్‌ల మధ్య ఉంటుంది. చరిత్రలోనూ జీవనంలోనూ మాత్రం అది కరీబియన్ దేశమే. కరీబియన్ దేశాల కూటమి కారికామ్ ప్రధాన కార్యాలయం దాని రాజధాని జార్జ్‌టౌన్‌లోనే ఉంది. మనలో చాలామందికి ఆ దేశం క్లైవ్ లాయిడ్, శివనారాయణ్ చంద్రపాల్ పుట్టిన చోటుగా పరిచయం, ఎందుకంటే గయానా ఆటగాళ్లు ఆడేది వెస్టిండీస్ జట్టుకే.

బానిసత్వం రద్దయ్యాక చెరకు తోటల్లో పని చేయడానికి బ్రిటిష్ వారు 1838 నుంచి 1917 దాకా భారతదేశం నుంచి ఒప్పంద కూలీలను ఓడల్లో తరలించారు. వారిలో అత్యధికులు భోజ్‌పురి ప్రాంతాల వారు. మద్రాసు రేవు నుంచి వెళ్లినవారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. వారందరినీ అక్కడ కలిపి మద్రాసీలనే పిలిచారు. 2012 జనగణన ప్రకారం దేశ జనాభా సుమారు 7 లక్షల 47 వేలు. అందులో భారతీయ మూలాల వారు దాదాపు 40 శాతం, ఆఫ్రికన్ మూలాల వారు 29 శాతం, మిశ్రమ జాతుల వారు 20 శాతం, ఆదివాసులు పదిన్నర శాతం. అంటే ఏ ఒక్క వర్గానికీ సొంతంగా సగం లేదు.

పీపుల్స్ ప్రోగ్రెసివ్ పార్టీకి, అంటే పీపీపీకి, ప్రధాన బలం భారతీయ మూలాల ఓటర్లు. పీపుల్స్ నేషనల్ కాంగ్రెస్‌కు, అంటే పీఎన్‌సీకి, ప్రధాన బలం ఆఫ్రికన్ మూలాల ఓటర్లు. 2015లో పీఎన్‌సీ ముందుండి నడిపిన ఏపీఎన్‌యూ కూటమి, ఏఎఫ్‌సీ అనే మరో పార్టీతో చేతులు కలిపి, డేవిడ్ గ్రేంజర్‌ను అధ్యక్షుడిగా గెలిపించుకుంది. ఇకపై ఈ వ్యాసంలో సంకీర్ణం అన్నప్పుడల్లా ఈ కలయికనే అనుకోవాలి. అప్పటి తేడా 4,545 ఓట్లు. సీట్లు 33, 32. ఆనాడు ఓడిన పీపీపీ కూడా ఫలితాన్ని అంగీకరించక కోర్టుకు వెళ్లిందని గుర్తుంచుకోవాలి.

అదే 2015లో సముద్ర గర్భంలో భారీ చమురు నిక్షేపాలు బయటపడ్డాయి. 2019 డిసెంబరులో ఉత్పత్తి మొదలైంది. కాబట్టి 2020లో గెలిచేవారు చమురు ఆదాయం చేతికొచ్చే తొలి ప్రభుత్వం అవుతారని అందరికీ తెలుసు.

ఓట్లు సీట్లుగా మారే తీరు

మన దగ్గర నియోజకవర్గంలో అందరికన్నా ఎక్కువ ఓట్లు తెచ్చుకున్నవారు గెలుస్తారు. గయానాలోనూ ఒకప్పుడు అదే పద్ధతి ఉండేది. 1961లో చెడీ జగన్ నాయకత్వంలోని పీపీపీకి 42.6 శాతం ఓట్లతో 35లో 20 సీట్లు వచ్చాయి. ఫోర్బ్స్ బర్న్‌హామ్ నాయకత్వంలోని పీఎన్‌సీకి 41 శాతం ఓట్లు వచ్చినా దక్కినవి 11 సీట్లే. ఇది అన్యాయమన్నది పీఎన్‌సీ వాదన. ఆ వాదనలో బలం ఉంది. జగన్ మార్క్సిస్టు కాబట్టి ఆయన్ని దించాలన్న అమెరికా ఒత్తిడి కూడా బ్రిటన్ మీద గట్టిగానే పనిచేసింది. 1964లో దామాషా ప్రాతినిధ్యం, అంటే ఓట్ల వాటాను బట్టి సీట్లు పంచే పద్ధతి, ప్రవేశపెట్టారు. ఆ ఎన్నికల్లో పీపీపీకి 53లో 24 సీట్లు, పీఎన్‌సీకి 22, యునైటెడ్ ఫోర్స్‌కు 7 వచ్చాయి. చివరి రెండు పార్టీలూ కలిసి ప్రభుత్వం ఏర్పరచాయి. అంటే ఎక్కువ ఓట్లు వచ్చిన పీపీపీ ప్రతిపక్షంలో కూర్చుంది.

ఇప్పటి పద్ధతిలో పార్లమెంటుకు 65 సీట్లు. వాటిలో 25 పది పరిపాలనా ప్రాంతాల నుంచి, 40 జాతీయ జాబితాల నుంచి నిండుతాయి. అయితే ఏ పార్టీకి మొత్తం ఎన్ని సీట్లు రావాలో నిర్ణయించేది దేశవ్యాప్త ఓట్ల వాటాయే. ఆ లెక్క ఎలా సాగుతుందో 2020 అంకెలతోనే చూద్దాం.

మొత్తం చెల్లిన ఓట్లు 4,60,352. దీన్ని 65తో భాగిస్తే, భిన్నం వదిలేశాక, 7,082 వస్తుంది. ఇది ఒక సీటు ధర అనుకోవచ్చు. పీపీపీకి వచ్చిన 2,33,336 ఓట్లతో 32 పూర్తి సీట్లు వచ్చి 6,712 ఓట్లు మిగిలాయి. సంకీర్ణానికి వచ్చిన 2,17,920 ఓట్లతో 30 పూర్తి సీట్లు వచ్చి 5,460 మిగిలాయి. ఎన్నికలకు ముందే తమ జాబితాలను కలుపుకొన్న మూడు చిన్న పార్టీలకు 2,657, 2,313, 244 చొప్పున మొత్తం 5,214 ఓట్లు వచ్చాయి; ఒక్క పూర్తి సీటుకు కూడా ఇవి చాలవు. ఇలా 62 సీట్లు నిండగా మూడు మిగిలాయి. మిగులు ఓట్లు ఎవరికి ఎక్కువ ఉంటే వారికి ముందుగా ఆ సీట్లు ఇస్తారు. ఆ ప్రకారం పీపీపీకి ఒకటి, సంకీర్ణానికి ఒకటి, కలిసిన చిన్న పార్టీలకు ఒకటి వెళ్లాయి. తుది లెక్క 33, 31, 1.

ఆ మూడు చిన్న పార్టీలు జాబితాలు కలపకపోయినా, ఇదే లెక్క ప్రకారం, 2,657 ఓట్లు వచ్చిన పార్టీకే చివరి సీటు దక్కేది, ఎందుకంటే మిగతా చిన్న పార్టీల్లో దేనికీ అన్ని ఓట్లు లేవు. అయితే ఎన్నికకు ముందు ఆ సంగతి ఎవరికి తెలుస్తుంది? వారికి ఆ ఒప్పందం ఒక బీమా.

అధ్యక్ష పదవి నియమం వేరు. ఏ జాబితాకు అందరికన్నా ఎక్కువ ఓట్లు వస్తే ఆ జాబితా అధ్యక్ష అభ్యర్థే అధ్యక్షుడు. సగం దాటనక్కర లేదు, రెండో విడత పోలింగ్ ఉండదు, ఎన్నికల తర్వాత పొత్తు కట్టి ఆ పదవి పొందే వీలూ లేదు. 2011లో 48.6 శాతం ఓట్లతో పీపీపీ అభ్యర్థి డొనాల్డ్ రమోతార్ అధ్యక్షుడయ్యారు గాని పార్లమెంటులో ఆయన పార్టీకి 32 సీట్లే వచ్చాయి, ప్రతిపక్షాలకు కలిపి 33. ఒక్క సీటు తేడాతో మూడేళ్లు నెట్టుకొచ్చి చివరికి మళ్లీ ఎన్నికలకు వెళ్లవలసి వచ్చింది.

మొదటి మాట: మెజారిటీ

2020 ఎన్నికలు అసలు ఎందుకు వచ్చాయో చెప్పకుండా తగవు అర్థం కాదు. 2018 డిసెంబరు 21న ప్రభుత్వంపై ప్రతిపక్షం అవిశ్వాస తీర్మానం పెట్టింది. అధికార పక్షానికి 33 మంది ఉండగా వారిలో ఒకరు, ఏఎఫ్‌సీ సభ్యుడు చరణ్‌దాస్ పర్సాద్, తీర్మానానికి అనుకూలంగా ఓటు వేశారు. 33, 32తో ప్రభుత్వం ఓడింది. స్పీకర్ ఆ ఫలితాన్నే ప్రకటించారు. రాజ్యాంగం ప్రకారం మూడు నెలల్లో ఎన్నికలు జరగాలి. 1999లో వాజపేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయిన రోజును చూసినవారికి ఈ ఉత్కంఠ కొత్త కాదు. అయితే ఇక్కడ కథ అంతటితో ఆగలేదు.

అవిశ్వాసానికి ఎన్నికైన సభ్యులందరిలో మెజారిటీ కావాలని రాజ్యాంగం చెబుతుంది. ప్రభుత్వం వాదన ఇలా సాగింది: 65లో సగం 32.5, అర మనిషి ఉండడు కాబట్టి అది 33 అవుతుంది, మెజారిటీ అంటే సగానికి ఒకటి ఎక్కువ, కాబట్టి 34 కావాలి. వింటే విడ్డూరంగా తోచినా ఈ వాదనను 2019 మార్చిలో గయానా అప్పీలు కోర్టు 2-1 తేడాతో ఆమోదించింది. ప్రతిపక్షం వాదన ఇంకా సూటిగా ఉంది: 33 అనేది 32 కన్నా ఎక్కువ; 65లో సగానికి మించినది 33.

తిరకాసు అంతా సగానికి ఒకటి ఎక్కువ అన్న నానుడిలో ఉంది. సభ్యుల సంఖ్య సరి సంఖ్య అయితే ఈ నానుడి తప్పు కాదు: 64లో సగం 32, మెజారిటీ 33. బేసి సంఖ్య అయితే మాత్రం ఆ నానుడి పనికిరాదు, ఎందుకంటే సగం అనేది పూర్ణాంకం కాదు. సగానికి మించిన మొదటి పూర్ణాంకమే మెజారిటీ అని చెబితే సరికీ బేసికీ రెంటికీ సరిపోతుంది. గయానాకు తుది న్యాయస్థానం ట్రినిడాడ్‌లోని కరీబియన్ కోర్ట్ ఆఫ్ జస్టిస్. 2019 జూన్ 18న ఆ కోర్టు ఇదే చెప్పింది: 65లో మెజారిటీ 33, అవిశ్వాసం నెగ్గింది. పర్సాద్‌కు మరో దేశ పౌరసత్వం ఉంది కాబట్టి ఆయన ఓటు చెల్లదన్న వాదనకు, దాన్ని ఆయన ఎన్నికైనప్పుడే గడువులోగా సవాలు చేయవలసిందని జవాబిచ్చింది.

అలా అవిశ్వాసం నెగ్గిన పద్నాలుగు నెలల తర్వాత ఎన్నికలు జరిగాయి.

రెండో మాట: లెక్కింపు

గయానాలో ఓట్లను మనలాగా ఒక కేంద్రానికి తరలించి లెక్కించరు. పోలింగ్ ముగిసిన రాత్రి ఆ కేంద్రంలోనే, పార్టీల ఏజెంట్ల ఎదుట, బ్యాలెట్ పత్రాలను చేత్తో లెక్కిస్తారు. ఫలితాన్ని స్టేట్‌మెంట్ ఆఫ్ పోల్ అనే పత్రంలో రాసి సంతకాలు చేస్తారు. ఒక ప్రతి తలుపుకు అంటిస్తారు, ఏజెంట్లకు ప్రతులు ఇస్తారు, ఒకటి ప్రాంతపు రిటర్నింగ్ అధికారికి వెళుతుంది. మన దగ్గర ప్రతి పోలింగ్ కేంద్రంలో పోలైన ఓట్ల లెక్క రాసే ఫారం 17సీ గురించి 2024లో జరిగిన చర్చ గుర్తున్నవారికి ఈ పత్రం విలువ వెంటనే అర్థమవుతుంది. రిటర్నింగ్ అధికారి పని ఈ పత్రాల్లోని అంకెలను అందరి ముందూ చదివి కూడటం. అంతే.

పది ప్రాంతాల్లో తొమ్మిదింట ఈ పని పెద్ద గొడవ లేకుండానే సాగింది. జార్జ్‌టౌన్ ఉన్న నాలుగో ప్రాంతం డెమెరారా-మహైకాలో అది బెడిసికొట్టింది. ఓటర్లు అత్యధికంగా ఉన్నది, సంకీర్ణానికి కంచుకోట లాంటిది ఈ ప్రాంతమే. పత్రాలను ఒక్కొక్కటిగా చదవడం మధ్యలో ఆగింది. వాటికి బదులు ఒక స్ప్రెడ్‌షీటులోని అంకెలు వచ్చాయి. ఏజెంట్ల దగ్గరున్న ప్రతులకూ ఆ అంకెలకూ పొంతన లేదని పీపీపీ, చిన్న పార్టీలు, పరిశీలకులు అభ్యంతరం చెప్పారు. మార్చి 5న రిటర్నింగ్ అధికారి చేసిన ఫలితాల ప్రకటనను ప్రధాన న్యాయమూర్తి రోక్సాన్ జార్జ్ మార్చి 11న కొట్టివేశారు. రెండు రోజుల తర్వాత రిటర్నింగ్ అధికారి మళ్లీ ప్రకటన చేశారు. ఆ రెండో ప్రకటన కూడా అదే వివాదంలో చిక్కుకుంది.

ఈ ఒక్క ప్రాంతం ఎందుకంత ముఖ్యమో అంకెలు చూపిస్తాయి. తర్వాత జరిగిన తిరిగి లెక్కింపు ప్రకారం మిగతా తొమ్మిది ప్రాంతాల్లో కలిపి పీపీపీ ఆధిక్యం 51,437 ఓట్లు. నాలుగో ప్రాంతంలో సంకీర్ణానికి 1,16,941, పీపీపీకి 80,920 వచ్చాయి. అంటే సంకీర్ణం ఆధిక్యం 36,021. 51,437లో 36,021 తీసేస్తే దేశం మొత్తం మీద పీపీపీ 15,416 ఓట్లతో ముందుంటుంది. రిటర్నింగ్ అధికారి రెండో ప్రకటనలో మాత్రం సంకీర్ణానికి 1,36,057, పీపీపీకి 77,231. ఇక్కడ ఆధిక్యం 58,826. అదే తీసివేత చేస్తే సంకీర్ణం ఏడు వేలకు పైగా ఓట్లతో దేశాన్ని గెలుస్తుంది. తొమ్మిది ప్రాంతాల ఓటర్లు ఏం చెప్పినా, దేశాన్ని ఎవరు పాలించాలో ఒక ప్రాంతపు కూడికలో తేలిపోయే పరిస్థితి అది.

సంకీర్ణం వాదన చట్టపరంగా బలహీనమైనదేమీ కాదు: ప్రకటన వెలువడ్డాక దాన్ని ఎన్నిక ముగిశాక హైకోర్టులో వేసే ఎన్నికల పిటిషన్ ద్వారానే సవాలు చేయాలి, మధ్యలో మామూలు కోర్టులు జోక్యం చేసుకోరాదు. దీనికి ఎదుటి వాదన: చట్టం చెప్పిన పద్ధతిలో కూడనే లేదు కాబట్టి అది ప్రకటనే కాదు, పైగా తప్పుడు అంకెలతో ఒకరు అధ్యక్షుడిగా ప్రమాణం చేశాక పిటిషన్ తేలేసరికి ఏళ్లు గడుస్తాయి.

బార్బడోస్ ప్రధాని, అప్పటి కారికామ్ అధ్యక్షురాలు మియా మోట్లీ చొరవతో రెండు పక్షాలూ తిరిగి లెక్కింపునకు ఒప్పుకున్నాయి. దాన్ని ఆపాలంటూ సంకీర్ణం అభ్యర్థి ఒకరు కోర్టుకెక్కడంతో అది మే 6న గాని మొదలు కాలేదు. కారికామ్ పంపిన ముగ్గురు సభ్యుల బృందం ఎదుట 2,339 బ్యాలెట్ పెట్టెలను ఒక్కొక్కటిగా తెరిచి, కరోనా కాలంలో, నెల రోజులకు పైగా లెక్కించారు. తలుపులకు అంటించిన పత్రాలు చెప్పిన కథనే పెట్టెలూ చెప్పాయి.

మూడో మాట: ఓటు

ఇక ముగిసిందనుకున్న వేళ అసలైన చిక్కు వచ్చింది. తిరిగి లెక్కింపులో ఓట్లతో పాటు పెట్టెల్లోని పత్రాలనూ పరిశీలించారు. కొన్ని పెట్టెల్లో ఉండవలసిన పత్రాలు లేవు. చనిపోయినవారి పేర్ల మీద, పోలింగ్ రోజు దేశంలో లేనివారి పేర్ల మీద ఓట్లు పడ్డాయని సంకీర్ణం ఆరోపించింది. తిరిగి లెక్కింపు ఉత్తర్వులో ఎన్నికల విశ్వసనీయతను తేల్చడం అనే లక్ష్యం కూడా ఉంది కాబట్టి లోపాలున్న పెట్టెల ఓట్లను పక్కన పెట్టాలన్నది వారి వాదన.

జూన్ 22న అప్పీలు కోర్టు మెజారిటీ తీర్పులో, రాజ్యాంగంలోని ఎక్కువ ఓట్లు పోలైన జాబితా అన్న మాటను ఎక్కువ చెల్లుబాటయ్యే ఓట్లు పోలైన జాబితాగా చదవాలని చెప్పింది. మరునాడే ప్రధాన ఎన్నికల అధికారి ఒక నివేదిక ఇచ్చారు. అందులో సంకీర్ణానికి 1,71,825, పీపీపీకి 1,66,343. మొత్తం చెల్లిన ఓట్లు 3,44,508. అంటే 1,15,844 ఓట్లు, దాదాపు నాలుగింట ఒకటి, లెక్కలోంచి తొలగిపోయాయి. ఆ ఓట్లు వేసినవారిలో ఎవరినీ పిలిచి అడగలేదు, ఏ కోర్టూ సాక్ష్యం వినలేదు.

జూలై 8న కరీబియన్ కోర్టు అప్పీలు కోర్టు తీర్పును, దాని ఆధారంగా వచ్చిన నివేదికను రెంటినీ రద్దు చేసింది. చెల్లిన ఓటు అంటే బ్యాలెట్ పత్రం మీద సరిగ్గా గుర్తు వేసి ఉండి, లెక్కింపులో చెడిన ఓటుగా తిరస్కరించనిది. దొంగ ఓట్లు, అక్రమాల ఆరోపణలను విచారించి ఎన్నికను నిలబెట్టడమో కొట్టివేయడమో ఎన్నికల పిటిషన్ విన్న హైకోర్టు పని. ఒక అధికారి తన గదిలో కూర్చుని లక్ష మందికి పైగా ఓటర్లను తీసివేయడం ఆ పద్ధతిలోకి రాదు.

మార్చిలో పిటిషన్ వేసుకోండి అన్నది సంకీర్ణం. జూన్‌లో అదే మాట అన్నది పీపీపీ. రెండు పక్షాలూ అవసరాన్ని బట్టి ఒకే సూత్రాన్ని పట్టుకున్నాయని చెప్పి ఊరుకోవచ్చు గాని, రెండు సందర్భాలూ సమానం కావు. మార్చిలో ప్రశ్న కూడిక సరిగ్గా జరిగిందా అన్నది. పత్రాలు ముందు పెట్టుకుంటే గంటల్లో తేలేది. జూన్‌లో ప్రశ్న ఎవరు నిజంగా ఓటు వేశారన్నది. సాక్షులు, క్రాస్ ఎగ్జామినేషన్ లేకుండా అది తేలదు. కోర్టులు గీసిన గీత సరిగ్గా ఇక్కడే ఉంది, అది సరైన చోటే ఉందని నా అభిప్రాయం.

ఆగస్టు 2న ఎన్నికల సంఘం అధ్యక్షురాలు, విశ్రాంత న్యాయమూర్తి క్లాడెట్ సింగ్ ఫలితం ప్రకటించారు. అదే రోజు పీపీపీ అభ్యర్థి ఇర్ఫాన్ అలీ దేశాధ్యక్షుడిగా ప్రమాణం చేశారు. సంకీర్ణం తరఫున దాఖలైన రెండు ఎన్నికల పిటిషన్లూ 2021లో వీగిపోయాయి. వాటిలో ఒకటి ప్రతివాదికి సకాలంలో నోటీసు అందించలేదన్న కారణంతో వీగిపోయింది. ఆరోపణల్లో నిజమెంతో విచారణ దాకా రాలేదు. తమ మాట ఎవరూ వినలేదన్న భావన సంకీర్ణం ఓటర్లలో మిగలడానికి ఇదీ ఒక కారణం. మరోవైపు కొందరు ఎన్నికల అధికారుల మీద క్రిమినల్ కేసులు నమోదయ్యాయి. వారు నేరాన్ని ఒప్పుకోలేదు.

అనుమానం పుట్టిన చోట్లు

ఇంత అవిశ్వాసం ఒక్క ఎన్నికతో పుట్టలేదు. 1968 నుంచి 1985 దాకా పీఎన్‌సీ పాలనలో జరిగిన ఎన్నికలన్నీ రిగ్గింగ్ జరిగినవిగానే పేరుపడ్డాయి. 1992 ఎన్నికలకు ముందు అమెరికా మాజీ అధ్యక్షుడు జిమ్మీ కార్టర్ మధ్యవర్తిత్వంతో కొత్త ఏర్పాటు వచ్చింది: ఎన్నికల సంఘంలో ప్రభుత్వం పక్షాన ముగ్గురు, ప్రతిపక్షం పక్షాన ముగ్గురు, వారిపై ఒక అధ్యక్షుడు. సంఘం అధ్యక్ష పదవికి ప్రతిపక్ష నేత ఆరు పేర్లు ఇస్తే దేశాధ్యక్షుడు ఒకరిని ఎంచుకోవాలి. 2017లో గ్రేంజర్ మూడు విడతల్లో వచ్చిన పద్దెనిమిది పేర్లనూ కాదని సొంతంగా ఒకరిని నియమించారు. అది రాజ్యాంగ విరుద్ధమని కరీబియన్ కోర్టు అవిశ్వాసం తీర్పు ఇచ్చిన రోజునే తేల్చింది.

ఈ మూడు-మూడు ఏర్పాటును సమర్థించేవారు, ఒకరినొకరు నమ్మని రెండు పక్షాలూ ఒకే గదిలో ఉండి ఒకరిపై ఒకరు కన్నేసి ఉంచడమే భద్రత అంటారు. విమర్శించేవారు, ప్రతి చిన్న నిర్ణయం పార్టీల వారీగా చీలిపోయి భారమంతా ఒక్క వ్యక్తి ఓటు మీద పడుతుందని అంటారు. 2020లో రెండూ నిజమయ్యాయి.

రెండో అనుమానం ఓటర్ల జాబితా మీద. ఏడున్నర లక్షల జనాభాకు 2020 జాబితాలో 6 లక్షల 60 వేలకు పైగా పేర్లున్నాయి. పిల్లలను తీసేస్తే ఇది అసాధ్యంగా కనిపిస్తుంది. న్యూయార్క్‌కో టొరంటోకో వలస వెళ్లినవారి పేర్లు చెరగకపోవడం దీనికి పెద్ద కారణం. దేశంలో నివసించనంత మాత్రాన పేరు తీసేయడం రాజ్యాంగానికి విరుద్ధమని 2019 ఆగస్టులో హైకోర్టు తీర్పు ఇచ్చింది. ఉబ్బిన జాబితా దొంగ ఓట్లకు తలుపు తెరుస్తుందని ఒకరు, జాబితాలో పేరుంటేనే ఓటు పడినట్టు కాదని, వేలికి సిరా ఉందని, ఏజెంట్లు చూస్తుంటారని మరొకరు వాదిస్తారు. రెండు వాదనల్లోనూ పట్టు ఉంది.

2020 తర్వాత మారినవి, మారనివి

2022 డిసెంబరులో చట్టాన్ని సవరించారు. నాలుగో ప్రాంతాన్ని లెక్కింపు కోసం నాలుగు ఉపజిల్లాలుగా విడగొట్టారు, తద్వారా అన్ని ఓట్ల కూడికా ఒకే అధికారి చేతిలో పడకుండా చూశారు. స్టేట్‌మెంట్ ఆఫ్ పోల్ పత్రాలను ఎన్నికల సంఘం తన వెబ్‌సైటులో పెట్టి తీరాలన్న నియమం చేర్చారు. తలుపుకు అంటించిన కాగితాన్ని ఇప్పుడు దేశమంతా చదవగలదు, ఎవరికి వారే కూడుకోగలరు.

2025 సెప్టెంబరు 1 ఎన్నికల్లో పీపీపీకి 36 సీట్లు, కొత్తగా పుట్టిన విన్ అనే పార్టీకి 16, ఏపీఎన్‌యూకు 12, మరో చిన్న పార్టీకి 1 వచ్చాయి. ఫలితం ఆ వారంలోనే తేలింది. తేడా పెద్దది కాబట్టి కొత్త నియమాలకు ఇంకా కఠిన పరీక్ష ఎదురు కాలేదు. 65 ఇప్పటికీ బేసి సంఖ్యే, అధ్యక్షుడు కావడానికి ఇప్పటికీ ఒక్క ఓటు ఆధిక్యం చాలు, వలస వెళ్లినవారి పేర్లు ఇప్పటికీ జాబితాలోనే ఉన్నాయి.